క్రౌను సైజు అట్టముక్క

16 అక్టోబరు 2024, రాత్రి

భోజనాలయ్యాక చీరల పెట్టె అట్టను తీసి, 195 మిల్లీమీటర్ల పొడవు, 135 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చేలా కత్తిరించాను. నిన్న ఆపిల్ సంస్థ ప్రకటించిన చిన్న టాబ్లెట్, కొత్త ఐప్యాడ్ మినీ కొలతలవి. అలాంటివే రెండు ముక్కల మధ్య చిన్నోడి పాత ఇనుప స్కేళ్ళు పెట్టి, దారం చుట్టి, బరువు 293 గ్రాములకు దగ్గరగా వచ్చేదాకా వంటింటి కాటా మీద పెట్టి తూచాను. ఆయన కాసేపు చూసి, "ఫోనుంది, ల్యాప్‌టాప్ ఉంది, మళ్ళీ ఇదెందుకు?" అని అడిగి పడుకున్నారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. బయట వాన తగ్గలేదు, నాకు నిద్రా రావడం లేదు.

నాకు కావలసింది ఒక్కటే. తిరుపతి నుంచి చిత్తూరుకు వెళ్ళే డెబ్భై కిలోమీటర్ల దారిలో, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాన్ని అది అచ్చయిన సైజులోనే చదువుకోవాలి. ఫోనులో పేజీ మొత్తం కనబడేలా పెడితే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. పెద్దది చేస్తే ప్రతి వాక్యానికీ పేజీని కుడికీ ఎడమకూ జరుపుకోవాలి, బస్సు కుదుపుకు ఏ వరుసలో ఉన్నానో తప్పిపోతుంది. ల్యాప్‌టాప్ తెరవడానికి ఆ సీట్లో మోచేతులకు చోటుండదు.

క్రౌను, డెమ్మీ అనే అచ్చుకాగితం సైజుల పేర్లు నేను పలక పట్టకముందే విన్నాను. నాయన చిత్తూరులో చిన్న అచ్చాఫీసులో కంపోజింగ్ చేసినన్నాళ్ళూ ఇంట్లో ఏ పుస్తకాన్నైనా ముందు సైజు చెప్పి, తర్వాతే పేరు చెప్పేవారు. క్రౌనులో ఎనిమిదో వంతు అంటే 5 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు; డెమ్మీ అయితే ఇంకొంచెం పెద్దది. 2012లో ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక, ఏడంగుళాల చవక టాబ్లెట్ ఒకటి తెప్పించాను. ఆయన చిన్ననాడు చదివి పోగొట్టుకున్న పుస్తకం స్కాన్ ప్రతి దొరికింది, దానిని పెద్ద అక్షరాలతో చూపిస్తానని మాట ఇచ్చాను. అది వచ్చేదాకా రోజూ సాయంత్రం "వచ్చిందా అమ్మా?" అని అడిగేవారు. వచ్చింది. గోరుతో గట్టిగా నొక్కితే తప్ప పేజీ కదిలేది కాదు, పుస్తకాల పేర్లు తెలుగులో రాసిపెడితే వరుసగా ఖాళీ గళ్ళు కనబడేవి. స్కాన్ పేజీ బొమ్మ కాబట్టి అదైనా తెరుచుకుంటుందని ధైర్యం చెప్పుకొని ఆయన చేతికిచ్చాను. దూరంగా పట్టుకున్నారు, దగ్గరికి తెచ్చుకున్నారు, దుమ్మేమోనని తువ్వాలుతో తుడిచారు. చివరకు ప్రూఫులు చూసే భూతద్దం తెచ్చి గాజు మీద ఆనించి చాలాసేపు చూశారు. "థకారంలో చుక్క లేదు. ముగ్గుకు చుక్కలు పెట్టి వదిలేసినట్టుంది, గీత ఎవరు కలపాల?" అన్నారు. ఆ తెరకు అడ్డంగా ఉన్నవి బొమ్మను కూర్చే చుక్కలు (పిక్సెళ్ళు) 480 మాత్రమే అని నాకు తర్వాత తెలిసింది. అచ్చక్షరాలను ఒక్కొక్కటిగా వేళ్ళతో ఏరి పేర్చిన మనిషికి ఆ లోపం కంటపడకుండా ఎలా ఉంటుంది? ఆయన మళ్ళీ దానిని అడగలేదు. ఆ పుస్తకాన్ని చదివే యోగం ఆయనకు దొరకలేదు.

అందుకే ఈ సాయంత్రం రెండు గంటలు వృథా అయినందుకు ఇంత బాధ కలుగుతోంది. ఈ కొత్త పరికరం గురించి తెలుగులో మాట్లాడిన వీడియోలు వరుసగా చూశాను. అందరూ ఒకే పట్టిక చదివారు: ఏ17 ప్రో చిప్పు, ఆటల వేగం, కృత్రిమ మేధ. ఆ మేధ మొదట అమెరికా ఇంగ్లీషులోనే వస్తుందన్న సంగతిని అరవాక్యంలో దాటేశారు. పరికరం ఇంకా చేతికి రాలేదు కనుక తెరిచి చూపలేకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ తెలుగు చదువరికి దీనితో ఏమి పని అని ఒక్కరైనా అడగవద్దా? 2021 నాటి మినీని నిలువుగా పట్టుకొని పేజీ జరిపితే ఒక పక్క అక్షరాలు రెండో పక్క కంటే వెనకబడి కదిలేవని అప్పట్లో చాలామంది రాశారు. చదివేవాళ్ళకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఉండదు, దానిని గురించి ఎవరూ మాట్లాడలేదు. ధర 49,900 రూపాయలు, తెర మీద రాసే పెన్సిల్ ప్రో కావాలంటే మరో 11,900. నేను ఎన్నడూ వాడని వాటికోసం అంత డబ్బు పోయలేనని నిశ్చయించుకొని, అట్టముక్కను చెత్తబుట్టలో వేసి దీపం ఆర్పేశాను.

అరగంట తర్వాత లేచి దానిని తిరిగి తీశాను. బీరువాలోంచి నాయన క్రౌను సైజు పుస్తకమొకటి తెచ్చి, తెర ఉండే మేర పెన్సిలుతో గీసి, పక్కన పెట్టి చూశాను. 8.3 అంగుళాల తెర అంటే నాలుగున్నర అంగుళాల వెడల్పు, దాదాపు ఏడంగుళాల ఎత్తు. పుస్తకంలో అంచులు వదిలేస్తే అచ్చు పరుచుకున్న మేర ఆ గీతల మధ్య సరిపోయింది. అంటే అక్షరం కుదించుకుపోకుండా తన సైజులోనే నిలుస్తుంది. అడ్డంగా 1,488 చుక్కలు, నాయన చూసినదానికి మూడు రెట్లు. అప్పటి నుంచి నా నిశ్చయం సడలిపోయింది. 2010లో మొదటి ఐప్యాడ్ 680 గ్రాములుండేది. ఆ ఏడాదే ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, ఏడంగుళాల టాబ్లెట్లు నిలవవని, అంత చిన్న తెర మీద నొక్కడానికి వేళ్ళు అరగదీసుకోవాలి కనుక వాటితో పాటు ఉప్పు కాగితం కూడా ఇవ్వాలని అన్నారు. 2012లో అదే సంస్థ 308 గ్రాముల మినీని తెచ్చింది. అంత గట్టిగా చెప్పిన మాటే రెండేళ్ళు నిలవనప్పుడు, గాజు మీద తెలుగు చదవలేమని పన్నెండేళ్ళ కిందట నేను వేసుకున్న ముడిని ఇంకా బిగించి పట్టుకోవడం న్యాయం కాదేమో.

కంటి సంగతి ఇంకా తేలలేదు. కిటికీ వెలుగు పడితే గాజు మెరుస్తుంది, కాగితం మెరవదు. రేపు బస్సులు నడిస్తే ఈ అట్టముక్కను చంద్రగిరి నుంచి పూతలపట్టు దాకా ఒంటిచేత్తో పట్టుకొని, మణికట్టు ఎక్కడ నొప్పెడుతుందో చూస్తాను. 23వ తేదీ తర్వాత అది తిరుపతి అంగళ్ళకు వచ్చిన రోజున, నాయన అడిగిన పుస్తకంలో థకారాలు ఎక్కువున్న పేజీతో పాటు ఆయన భూతద్దాన్నీ సంచిలో వేసుకొని వెళ్తాను.