జాంబీ ఎటువైపు ఉన్నట్టు?

మా ఇంట్లో ఈ వేళప్పుడు స్పీకర్లు పెట్టే వీల్లేదు. హెడ్‌ఫోన్స్‌లో విన్నందుకే చిరాకు రెట్టింపైంది.

మైన్‌క్రాఫ్ట్ ఆట కోసం ఎవరో చేసిన సౌండ్ ప్యాక్, అంటే ఆట శబ్దాల బదులు పెట్టుకునే ఫైళ్లు. జాంబీ మూలుగు ఒళ్లు జలదరించేలా ఉంది, నిజం. కానీ అది వెనకుందా, పక్క గుహలో ఉందా? రెండు చెవుల్లోనూ ఒకటే మోత. ఫైళ్లన్నీ స్టీరియోలో, అంటే రెండు ఛానళ్లతో ఉన్నాయి మరి! ఆటలో శబ్దాలు వినిపించే ఓపెన్‌ఏఎల్ అనే లైబ్రరీ, ఒకే ఛానల్ ఉన్న మోనో శబ్దానికే దిక్కూ దూరమూ ఇస్తుంది, స్టీరియోని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో మోనోకి మిక్స్ చేసి, ఆట చదివే ఆగ్ వోర్బిస్ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయడం ఎంతసేపు పని? మిక్స్ చేశాక గొంతు పీలగా మారితే రెండు ఛానళ్ల ఫేజ్ ఎదురెదురుగా ఉన్నట్టు, అంటే ఒకదాని అల పైకెళ్తే రెండోదాని అల కిందికెళ్లి ఒకదాన్నొకటి చెరిపేస్తున్నట్టు. అప్పుడు ఒక ఛానల్ తీసేసి రెండోదే ఉంచుకోవాలి. వేవ్ ఫైలుకి ఆగ్ అని పేరు మారిస్తే మాత్రం ఆట దాన్ని చదవదు.

ఇంకోటి. జాంబీ మామూలు మూలుగుల ఫైళ్లు మూడు: సే1, సే2, సే3. ఆట వాటిలో ఏదో ఒకటి ఎంచుకుంటుంది. ఈ ప్యాక్‌లో ఒక్కటే మార్చారు, అందుకే మధ్యమధ్యలో పాత గొంతు పలుకుతోంది. మూడూ మార్చి ఎఫ్3, టీ కలిపి నొక్కితే చాలు, ఫైళ్లు మళ్లీ లోడవుతాయి, ఆట మూసి తెరవక్కర్లేదు.

1993 నాటి డూమ్ అనే షూటింగ్ ఆటలో ఇన్ని ఫోల్డర్లు లేవు. అన్నీ వ్యాడ్ అనే ఒకే డేటా ఫైలులో, డీఎస్‌తో మొదలయ్యే పేర్లతో ఉండేవి. తుపాకీ శబ్దం 8 బిట్, మోనో, శాంపిల్ రేటు (సెకనుకి తీసే కొలతలు) 11025 హెర్ట్జ్. దాన్ని 44100లో శుభ్రమైన రికార్డింగ్‌తో మార్చడమే మేలని రాద్దామని కూర్చున్నా. రాస్తుంటే కాదనిపిస్తోంది. శాంపిల్ రేటులో సగం దాటిన స్వరాలు నిలవవు, కాబట్టి 11025లో దాదాపు 5500 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. చుట్టూ రాక్షసుల అరుపులన్నీ ఆ మొద్దు ధ్వనిలోనే ఉంటే, తళతళలాడే షాట్‌గన్ ఒక్కటీ వేరే ఆటలోంచి ఊడిపడ్డట్టుంటుంది. అన్నీ మార్చే ఓపిక లేకపోతే కొత్తదానికి 5000 హెర్ట్జ్ దగ్గర పై స్వరాల్ని కోసేసే లో-పాస్ ఫిల్టర్ పెట్టడమే నయం.

నాణ్యత ఏదైనా, మొదట్లో ఖాళీ ఉండకూడదు. 50 మిల్లీసెకన్ల నిశ్శబ్దం మిగిలితే సెకనుకి 60 ఫ్రేముల వేగంలో మూడు ఫ్రేములు ఆలస్యం, ట్రిగ్గర్ నొక్కిన చేతికి అది తెలిసిపోతుంది. అలాగని అల మధ్యలో కోస్తే టిక్కుమంటుంది. సున్నా గీత దాటే చోట కోసి, చివర్న 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే ఆ టిక్కు పోతుంది.