కొన్న పాత కారు ఇంటికి చేరేలోపు: బ్రిటన్‌లో పన్ను, బీమా సంగతి

బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన మన పిల్లలు, ఉద్యోగమో పార్ట్‌టైమ్ పనో కుదిరాక చేసే మొదటి పెద్ద ఖర్చు చాలాసార్లు ఒక పాత కారు. లెస్టర్‌లోనో కోవెంట్రీలోనో లూటన్‌లోనో ఉంటూ రెండు మూడు వేల పౌండ్లు కూడబెట్టి, శనివారం పక్క ఊరికి రైల్లో వెళ్లి, ఎవరి ఇంటి ముందో నిలిపి ఉన్న కారును చూసి, బేరం కుదిరితే ఆ సాయంత్రమే నడుపుకుంటూ రావాలనుకుంటారు. బయలుదేరే ముందు నాలాంటి వాళ్లకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలన్నీ ఇంజను గురించో, క్లచ్ గురించో, తిరిగిన మైళ్ల గురించో ఉంటాయి. ఆ కారును ఆ సాయంత్రం రోడ్డెక్కించడానికి తమకు చట్టప్రకారం వీలుందా అని అడిగేవారు తక్కువ. నేను ఇక్కడ రాస్తున్నది ఆ అడగని ప్రశ్న గురించే. ఉత్తర ఐర్లండ్‌లో కొన్ని తేడాలున్నాయి కనుక, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ వరకే ఇది వర్తిస్తుందని గమనించగలరు.

ఆ ప్రశ్న తట్టకపోవడానికి కారణం మన దగ్గరి పద్ధతిలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా సొంత వాడకానికి కొన్న కారుకు రిజిస్ట్రేషన్ సమయంలోనే లైఫ్ ట్యాక్స్ కట్టేస్తారు; ఆ తర్వాత అదే రాష్ట్రంలో కారు ఎందరి చేతులు మారినా ఆ పన్ను కారునే అంటిపెట్టుకుని ఉంటుంది. బీమా విషయంలోనూ, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం, యాజమాన్యం మారిన రోజు నుంచే పాలసీ కొత్త యజమానికి బదిలీ అయినట్టు భావిస్తారు; కొన్నవారు 14 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. సొంత కారుకు జరిగే నష్టం, నో క్లెయిమ్ బోనస్ వంటి వాటిలో మెలికలు లేకపోలేదు గానీ, మూడో వ్యక్తికి జరిగే నష్టం మేరకు కారు బీమా లేకుండా ఉండిపోదు. అందుకే "బండికి మార్చి దాకా ఇన్సూరెన్స్ ఉందండీ" అని అమ్మే ఆయన అంటే, అది మన ఊళ్లో ధర పెంచే మాట. బ్రిటన్‌లో కొనేవారికి ఆ మాటతో ఒరిగేదేమీ లేదు. ఇక్కడ పన్ను, బీమా రెండూ మనిషి పేరు మీద నడుస్తాయి. ఆ మనిషి కారును వదులుకున్నాక, ఎంత గడువు మిగిలి ఉన్నా అవి కొన్నవారికి దక్కవు.

పన్ను సంగతి మొదట చూద్దాం. పాత రోజుల్లో ఇక్కడ కూడా పన్ను కారుతోనే వెళ్లేది. 1921లో మొదలైన గుండ్రటి కాగితపు బిళ్ల ఒకటి ముందు అద్దానికి అతికించి ఉండేది. కారు అమ్మకపు ప్రకటనల్లో "ఆరు నెలల ట్యాక్స్ ఉంది" అని గొప్పగా రాసుకునేవారు. 2014 అక్టోబరు 1న ఆ బిళ్లను తీసేశారు. అదే రోజు నుంచి, కారు చేతులు మారితే పన్ను బదిలీ కాదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అమ్మినవారు ఆ సంగతి స్వాన్సీలోని వాహనాల నమోదు సంస్థ డీవీఎల్‌ఏకు తెలియజేయగానే వారి పన్ను రద్దయి, మిగిలిన పూర్తి నెలలకు సొమ్ము వారికే వెనక్కి వెళుతుంది. కొన్నవారు తమ పేరున మళ్లీ మొదటి నుంచీ కట్టుకోవాలి. దశాబ్దానికి పైగా అమల్లో ఉన్న నిబంధనే అయినా, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మన పెద్దల్లో కొందరు "పరవాలేదురా, ట్యాక్స్ ఉందిగా, సోమవారం చూసుకుందువులే" అని పిల్లలకు ఇప్పటికీ సలహా ఇస్తుంటారు. ఆ సలహా బిళ్ల ఉన్న కాలానిది.

ఇందులో ప్రభుత్వానికి కలిసివచ్చే చిన్న లెక్క ఒకటుంది. జూన్ 10న కారు చేతులు మారిందనుకుందాం. అమ్మినవారికి జులై 1 నుంచి మిగిలిన నెలల సొమ్ము మాత్రమే తిరిగి వస్తుంది; కొన్నవారు జూన్ 1 నుంచి కట్టాలి. అంటే జూన్ నెల పన్నును ఇద్దరూ కడతారు. నెలాఖరున, 29నో 30నో, కారు కొంటే ఒక రోజు ప్రయాణానికి ఒక నెల పన్ను పోతుందన్నమాట. అమ్మేవారికి సొంత ఆవరణ ఉండి, కారును ఒకటో తేదీ వరకు అక్కడే ఉంచి, ఆ రోజే అమ్మకం పూర్తి చేయడానికి ఒప్పుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది. నన్నడిగితే మాత్రం, ఆ కొద్ది పౌండ్ల కోసం నచ్చిన కారును వేరొకరికి వదులుకునే అవకాశం తీసుకోనవసరం లేదు.

ఎంత కట్టాలన్నది కారు వయసును బట్టి ఉంటుంది. 2001 మార్చి నుంచి 2017 మార్చి 31 వరకు నమోదైన కార్లకు పొగగొట్టం నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి శ్లాబులున్నాయి. ఒకే ధర చెప్పే రెండు పాత కార్లలో ఒకదానికి ఏడాదికి కొద్ది పౌండ్లు, మరొకదానికి కొన్ని వందల పౌండ్లు పన్ను పడడం ఇందుకే. 2017 ఏప్రిల్ 1 తర్వాత నమోదైన వాటికి మొదటి ఏడాది దాటాక చాలావరకు ఒకే రేటు. 2025 ఏప్రిల్‌లో మొదలైన ఆర్థిక సంవత్సరానికి అది 195 పౌండ్లు. అదే ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకూ పన్ను వచ్చింది. నెలనెలా డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంటే 5 శాతం అదనంగా పడుతుంది, ఏడాదికి ఒకేసారి కడితే పడదు. ఇంకొక సంగతి, నలభై ఏళ్లు దాటిన పాతకాలపు కారు వంటి వాటికి పన్ను సున్నా అయినప్పటికీ, ఆ సున్నా పౌండ్ల పన్నునూ కొత్త పేరున నమోదు చేసుకోవాల్సిందే.

"కట్టేదాకా నడపను, ఇంటి ముందు వీధిలో ఉంచుతాను" అంటే అదీ కుదరదు. పన్ను లేని కారు ప్రజా రహదారి పక్కన నిలిపి ఉన్నా నేరమే. చక్రం కదలకుండా క్లాంప్ అనే తాళం వేసి వెళతారు. సొంత గ్యారేజీలోనో ఇంటి ముందరి సొంత ఆవరణలోనో ఉంచి, రోడ్డు మీదికి తేవడం లేదని డీవీఎల్‌ఏకు తెలియజేసే పద్ధతిని సోర్న్ అంటారు. అమ్మినవారు ఇచ్చిన సోర్న్ కూడా కొన్నవారికి బదిలీ కాదు. సోర్న్‌లో ఉన్న కారును రోడ్డుకు తగినదేనా అని చూసే ఎమ్‌ఓటీ పరీక్షకు, ముందుగా సమయం తీసుకుని ఉంటే, నడుపుకుంటూ వెళ్లవచ్చు. అప్పుడైనా బీమా ఉండి తీరాలి.

పన్ను కట్టకపోతే జరిమానాతో తప్పించుకోవచ్చు. బీమా లేకపోతే వచ్చే నష్టం వేరే స్థాయిది. ఇక్కడ బీమా లేకుండా నడిపితే అక్కడికక్కడ పడే జరిమానా 300 పౌండ్లు, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు. విషయం కోర్టుకు వెళితే జరిమానాకు పరిమితి లేదు, లైసెన్సు రద్దు కూడా కావచ్చు. ఇక్కడ టెస్ట్ పాసై రెండేళ్లు నిండని వారికి ఆ 6 పాయింట్లతోనే లైసెన్సు పోతుంది, మళ్లీ థియరీ నుంచి మొదలు పెట్టాలి. కారును పోలీసులు అక్కడే స్వాధీనం చేసుకోవచ్చు. విడిపించుకోవాలంటే సరైన బీమా, లైసెన్సు చూపించి, లాక్కెళ్లిన ఖర్చు, రోజువారీ నిల్వ ఖర్చు కట్టాలి. బీమా లేకుండా నడిపినందుకు పడే ఐఎన్10 అనే కోడ్ లైసెన్సు మీద 4 ఏళ్లు ఉంటుంది, అంతకాలమూ ప్రీమియం మండిపోతుంది. పోలీసు వాహనాల మీదా రోడ్ల పక్కనా ఉండే కెమెరాలు నంబరు ప్లేటును చదివి, బీమా ఉన్న వాహనాల జాతీయ జాబితాతో సరిచూస్తాయి కనుక, ఎవరూ ఆపరులే అన్న ధీమాకు ఇక్కడ చోటు లేదు.

ఈ ప్రమాదం ఉందని తెలిసినవారు కూడా ఒక ఉపాయం పన్నుతుంటారు. ఫుల్ కాంప్రిహెన్సివ్ పాలసీ ఉన్న స్నేహితుణ్ణి వెంట తీసుకువెళ్లి, అతని పాలసీలో ఇతరుల కార్లు నడిపే వీలుంది కనుక అతనే నడిపి తెస్తాడని అనుకుంటారు. ఆ వీలు అన్ని పాలసీల్లోనూ ఉండదు. 25 ఏళ్లలోపు వారికి చాలా సంస్థలు ఇవ్వవు. ఉన్నా, నడపబోయే కారుకు దాని సొంత బీమా ఒకటి అమల్లో ఉండాలన్న షరతు తరచుగా ఉంటుంది. అప్పుడే చేతులు మారిన కారుకు కొత్త యజమాని తీసుకున్న బీమా లేనప్పుడు ఆ షరతు నెరవేరదు. కొన్న వ్యక్తే మరో కారు మీద ఉన్న తన పాత పాలసీతో నడుపుదామన్నా, ఆ వీలు తనది కాని కార్లకే పరిమితం. డబ్బు ఇచ్చి తాళం తీసుకున్నాక అది తన కారే. కొనక ముందు చేసే టెస్ట్ డ్రైవ్‌కు కూడా బీమా కావాలని, అమ్మేవారి పాలసీలో మన పేరు ఉండదని గుర్తుంచుకోవాలి. గంటల లెక్కన, రోజుల లెక్కన దొరికే తాత్కాలిక బీమా ఇలాంటి అవసరాలకే ఉంది.

అయితే క్రమం ఎలా ఉండాలి? కారు చూడడానికి వెళ్లే ముందు రాత్రే నంబరు ప్లేటు ఆధారంగా ప్రభుత్వ వెబ్‌సైటులో దాని పన్ను స్థితి, ఎమ్‌ఓటీ చరిత్ర చూడాలి. మూడేళ్లు దాటిన కారుకు ఎమ్‌ఓటీ చెల్లుబాటులో లేకపోతే పన్ను కట్టడం సాధ్యపడదు, అప్పుడు ఆ సాయంత్రం నడుపుకుంటూ వచ్చే మాటే లేదు. అదే రాత్రి బీమా కొటేషన్లు తీసి దాచుకోవాలి గానీ కొనకూడదు. బేరం చెడితే రద్దు చేసుకునే 14 రోజుల గడువు ఉన్నా, రుసుము పేరుతో కొంత కోసుకుంటారు. కారు నచ్చి ధర తేలాక, అమ్మేవారి వాకిట్లోనే నిలబడి ఫోనులో పాలసీ కొని, అమలు సమయం ఆ గంట నుంచే పెట్టుకుని, సర్టిఫికెట్ ఈమెయిలుకు వచ్చిందో లేదో చూసుకోవాలి. కొత్త పాలసీ జాతీయ జాబితాలోకి ఎక్కడానికి ఒక్కోసారి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా ఎవరైనా ఆపితే చూపడానికి ఆ సర్టిఫికెట్టే ఆధారం. ఆ తర్వాత డబ్బు చెల్లించి, లాగ్ బుక్ అనే నమోదు పత్రంలోని ఆకుపచ్చ కొత్త కీపర్ స్లిప్ తీసుకుని, దాని మీది 12 అంకెల నంబరుతో పన్ను కట్టేయాలి. ఆన్‌లైన్‌లో ఇది రాత్రీ పగలూ జరుగుతుంది. పన్ను కట్టేటప్పుడు బీమా పత్రం ఎవరూ అడగరు. కాబట్టి పన్ను చెల్లింపు సాఫీగా జరిగిందంటే బీమా కూడా ఉన్నట్టేనని అనుకోవద్దు.

బీమా ఫారం నింపేటప్పుడు మన పిల్లలు తొందరపడే చోట్లు రెండున్నాయి. మొదటిది వాడకం. సొంత పనులకు మాత్రమే అని ఎంచుకుంటే ప్రీమియం కాస్త తగ్గుతుంది. కానీ రోజూ ఆఫీసుకు వెళ్లడం అందులోకి రాదు, రాత్రిపూట ఆహారం డెలివరీ చేయడం అసలే రాదు. డెలివరీకి ప్రత్యేకమైన పాలసీ కావాలి, అది లేకుండా పట్టుబడితే చట్టం దృష్టిలో బీమా లేనట్టే. రెండోది లైసెన్సు. భారతీయ లైసెన్సుతో ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలు మాత్రమే నడపవచ్చు; ఆ గడువు దాటాక, పాలసీకి ఎంత కట్టినా అది చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.

ప్రీమియం చూసి గుండె ఆగినంత పనవుతుందన్న మాట నిజం. మూడు వేల పౌండ్ల కారుకు దాదాపు అంతే ప్రీమియం అడగడం కుర్రవాళ్ల విషయంలో వింత కాదు. సరిగ్గా ఈ బాధను ఆసరా చేసుకునేవారే ఘోస్ట్ బ్రోకర్లు. వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో సగం ధరకు పాలసీ ఇప్పిస్తామంటారు. కొన్నిసార్లు అచ్చం అసలులా ఉండే నకిలీ సర్టిఫికెట్ ఇస్తారు, కొన్నిసార్లు మన వయసు, చిరునామా, వృత్తి తప్పుగా చూపి నిజమైన పాలసీయే తీసుకుంటారు, ఇంకొన్నిసార్లు పాలసీ తీసి మన చేతికిచ్చి, మర్నాడే రద్దు చేసి ఆ సొమ్ము తాము వెనక్కి తీసుకుంటారు. లండన్ సిటీ పోలీసు విభాగం వీరి మీద కేసులు పెడుతూనే ఉంది. అయినా మోసపోయామన్న సాకు పట్టుబడిన డ్రైవరును కాపాడదు. తెలుగువాడే కదా, మన కాలేజీ సీనియరే కదా అన్న నమ్మకంతో ఇలాంటి పాలసీలు తీసుకోవడం నాకు అన్నింటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే విషయం. సంస్థ పేరు ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ రిజిస్టరులో ఉందో లేదో చూడడానికి రెండు నిమిషాలు పట్టదు.

అమ్మినవారు మన ఎదుటే ఆన్‌లైన్‌లో కారు అమ్మినట్టు తెలియజేస్తే మంచిది. లాగ్ బుక్‌లోని 11 అంకెల నంబరు వారికి అందుకు చాలు. కొత్త లాగ్ బుక్ మామూలుగా కొద్ది రోజుల్లో పోస్టులో వస్తుంది. వారాలు గడిచినా రాకపోతే, లాగ్ బుక్ కోసం దరఖాస్తు చేసే వీ62 ఫారం పంపాలి. ఆకుపచ్చ స్లిప్ దాచుకున్నవారికి దీనికి 25 పౌండ్ల రుసుము పడదు, కాబట్టి పన్ను కట్టాక ఆ స్లిప్పును పారేయవద్దు. లాగ్ బుక్ వచ్చాక అందులోని పేరును లైసెన్సు, బీమా పత్రాలతో పోల్చి చూసుకోవడం మనవాళ్లకు మరీ ముఖ్యం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, సొంత పేరు రెండు ముక్కలుగా మరోచోట ఉన్న మన పేర్లను అమ్మేవారు తమకు అర్థమైనట్టు నమోదు చేస్తారు. బీమా ఫారంలో మనం ఇంకోలా రాస్తాం. క్లెయిమ్ వచ్చిన రోజున ఈ తేడా అనవసరమైన ఉత్తరప్రత్యుత్తరాలకు దారి తీస్తుంది. అమ్మేవారు పేరు టైపు చేస్తున్నప్పుడే లైసెన్సు కార్డును వారి ముందు పెట్టి, అందులో ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించమని అడగండి.