పాతపట్నం పక్కనే ఉన్నా పథకం మనది కాదు

ఆగస్టు, రెండో ఆదివారం. పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు ఊరు.

పొద్దున్నుంచీ ముసురు. అయినా తొమ్మిదయ్యేసరికి ఫైళ్లు పట్టుకుని పిల్లలు సలహాకి మా దగ్గర దిగిపోయారు. గుణుపురం నుంచి ఇద్దరు, కాశీనగరం నుంచి ఒకమ్మాయి, మిగతావాళ్లు ఊళ్లోవాళ్లే. ఎమ్మెస్ కోసం బయటి దేశం వెళ్లాలి, డబ్బు ఎక్కడిది? ఎప్పటిలాగే మొదటి ప్రశ్న అదే వచ్చింది: "తెలంగాణలో ఇరవై లక్షలిస్తారట కదండీ, మనకి రాదేటి?"

రాదు. ఆ డబ్బిచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి తెలంగాణ స్థానికులది. ఆంధ్రా పథకాలైనా అక్కడి స్థానికులకే. ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో మేనమామ ఉన్నా, శ్రీకాకుళంలో ఇంటర్ చదివినా లెక్కలోకి రావు. రెసిడెంట్ సర్టిఫికెట్ ఏ తహసీల్దారు ఇచ్చాడన్నదే చూస్తారు. మేనమామ అడ్రసు మీద అక్కడో కాగితం పుట్టించమని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. ఆధార్ ఒడిశాది, పదో తరగతి ఒడిశా బోర్డుది, కులపత్రం ఒడిశాది. వీటి మధ్య ఆ ఒక్క కాగితం ఎలా నిలబడుతుంది? పట్టుబడితే స్కాలర్‌షిప్ పోవడంతో ఆగదు, కేసవుతుంది. కులాల జాబితాలు కూడా రాష్ట్రాల వారీగానే ఉంటాయి. ఆంధ్రాలో ఎస్సీ అయినంత మాత్రాన సరిపోదు, ఒడిశా జాబితాలో ఆ పేరు ఉండాలి. బీసీలకి ఇంకో మెలిక ఉంది: ఒడిశాలో రాష్ట్ర అవసరాలకి ఇచ్చే ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతులు) పత్రం వేరు, కేంద్రానికి చూపే ఓబీసీ పత్రం వేరు. చాలామంది మొదటిది పట్టుకొచ్చి రెండోది అనుకుంటారు.

కనక సరిహద్దు పిల్లలు స్కాలర్‌షిప్‌ల జాబితా తెరిచేముందు తేల్చుకోవలసింది, ఏ ప్రభుత్వం తమని తన మనిషిగా ఎంచుతుందన్నది. తెలుగు రాష్ట్రాలు రెండూ కొట్టేస్తే కేంద్రం, అవతలి దేశాల ప్రభుత్వాలు, యూనివర్సిటీలు, ఆఖరున బ్యాంకు మిగులుతాయి.

కేంద్రంలో పెద్దది నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. సామాజిక న్యాయ శాఖ ఇచ్చేదాంట్లో ఏడాదికి 125 మంది. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవాళ్లు అర్హులు. కుటుంబానికి అన్ని వైపుల నుంచీ వచ్చే ఆదాయం 8 లక్షలు దాటకూడదు, డిగ్రీలో 60 శాతం ఉండాలి, వయసు 35 లోపు. ఫీజు పూర్తిగా కడతారు. ఖర్చులకి ఏడాదికింతని విడిగా ఇస్తారు. ఎస్టీలకి గిరిజన వ్యవహారాల శాఖ విడిగా ఇస్తుంది. అక్కడ 20 మందే, ఆదాయ పరిమితి 6 లక్షలు, అందులో మూడు సీట్లు మరీ వెనకబడిన తెగలకి. మన చుట్టూ ఉన్న లాంజియా సవర, డొంగ్రియా కోంధు పిల్లల్లో ఈ మూడు సీట్ల సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు వాళ్ల చెవిన వెయ్యాలి.

ఇక్కడ దెబ్బతినేది మార్కుల దగ్గర కాదు, ఆఫర్ లెటర్ దగ్గర. సామాజిక న్యాయ శాఖ అడిగేది షరతుల్లేని ఆఫర్, అదీ ప్రపంచ యూనివర్సిటీలకి క్యూఎస్ సంస్థ ఇచ్చే ర్యాంకుల్లో మొదటి 500 లోపు యూనివర్సిటీ నుంచి. చేతికొచ్చే ఉత్తరంలో "ఐఇఎల్‌టీఎస్ (ఇంగ్లీషు పరీక్ష) స్కోరు పంపాక", "ఆఖరి సెమిస్టర్ మార్కులు వచ్చాక", "డిపాజిట్ కట్టాక" అని చిన్నక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. అది షరతే, దరఖాస్తు పక్కకి పోతుంది. మొదటి రెండూ కాగితాలు పంపి తీయించుకోవచ్చు. మూడోదానికి అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ రాయాలి: భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేస్తున్నాను, డిపాజిట్ షరతు తీసేసి ఉత్తరం ఇవ్వండి, అని. మర్యాదగా అడిగితే ఇచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి.

కాశీనగరం అమ్మాయికి సవరల ఇడితాల్ గోడబొమ్మల మీద చదవాలని ఉంది. మంచి ఆలోచన, కానీ ఈ డబ్బుతో కుదరదు. భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇండియా మీద సామాజిక అధ్యయనాలని 2022లో సామాజిక న్యాయ శాఖ తన పథకంలోంచి తీసేసింది. అన్యాయమే, కానీ ఫారం నింపేటప్పుడు దాని మీద వాదించి లాభం లేదు. ఆమెకి యూకే వైపు చూడమన్నాం.

యూకే ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ ఈ నెలలోనే తెరుస్తారు. ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, నెల ఖర్చు, విమానం టికెట్ అన్నీ వాళ్లవే. రెండేళ్ల అనుభవం అంటారు గాని లెక్క గంటల్లో: 2,800. పార్ట్‌టైం, ఇంటర్న్‌షిప్ గంటలు కూడా కలుపుకోవచ్చు, ఈ సంగతి తెలియక చాలామంది ముందే మానుకుంటారు. మూడు కోర్సులు ఎంచుకోవాలి, చదువయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి. యూకేదే ఇంకో స్కాలర్‌షిప్, కామన్వెల్త్ మాస్టర్స్‌కి రెండు చోట్ల దరఖాస్తు పెట్టాలి: దాన్నిచ్చే లండన్‌లోని కామన్వెల్త్ స్కాలర్‌షిప్ కమిషన్ వాళ్ల పోర్టల్లోనూ, మన విద్యాశాఖ సాక్షాత్ పోర్టల్లోనూ. ఒకటే నింపి ఊరుకున్నవాళ్ల దరఖాస్తు ఎవరి లెక్కలోకీ రాదు. రిఫరెన్సు ఇచ్చే మాస్టారు కూడా గడువులోగా ఆన్‌లైన్లో పంపాలి. మన వైపు కాలేజీల్లో లెక్చరర్లకి కాలేజీ పేరున్న మెయిల్ ఉండడం అరుదు. నెల ముందే అడిగి, సీవీ ఇచ్చి, మధ్యలో ఒకసారి గుర్తు చెయ్యాలి. మొహమాటపడితే గడువు దాటిపోతుంది.

ఐరోపా యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు అక్టోబరు నుంచి జనవరి దాకా నడుస్తాయి. ఫీజు లేదు, నెలకి 1,400 యూరోలు. రెండు మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే కోర్సులివి, ఒక్కోదానికి గడువు ఒక్కో తేదీ. ఉద్యోగానుభవం లేని పిల్లలకి మా ఓటు దీనికే. జర్మనీ స్కాలర్‌షిప్ సంస్థ డాడ్ (DAAD) వాళ్ల అభివృద్ధి కోర్సులకి రెండేళ్ల అనుభవం కావాలి, డిగ్రీ అయ్యి ఆరేళ్లు దాటకూడదు. హంగరీది తేలిగ్గా వస్తుందని ఎవరో చెప్పారట గుణుపురం కుర్రాడికి. ఫీజు లేని మాట నిజమే. నెలకిచ్చేది 43,700 ఫోరింట్లు. బుడాపెస్ట్‌లో అద్దెకి కూడా చాలదు, మిగతాది ఇంటినుంచే రావాలి.

"జర్మనీలో చదువు ఫ్రీ" అన్నదీ సగం మాటే. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేకపోయినా, వీసాకి ముందు బ్లాక్డ్ అకౌంటులో (నెలకింత చొప్పునే తీసుకోగల ఖాతా) 11,904 యూరోలు చూపాలి, మన చదువు కాగితాలు అసలైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు కట్టాలి.

అమెరికాలో మాస్టర్స్‌కి ప్రభుత్వ డబ్బు తక్కువ. ఫుల్‌బ్రైట్ నెహ్రూ ఉంది, మూడేళ్ల అనుభవం అడుగుతుంది. అసలు డబ్బు డిపార్టుమెంటుల్లో ఉంటుంది, అదీ ఎక్కువగా పీహెచ్‌డీకి. పరిశోధన మీద నిజంగా మనసున్నవాళ్లు బీటెక్ నుంచే నేరుగా పీహెచ్‌డీకి పెట్టుకోవచ్చు. నిధులతో కూడిన ఆఫర్ వస్తే, గ్రాడ్యుయేట్ స్కూళ్ల ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీకి ఏప్రిల్ 15 దాకా జవాబు చెప్పనక్కర్లేదు. రెండు వారాల్లో చెప్పమని ఎవరైనా తొందరపెడితే ఆ తేదీ గుర్తుచెయ్యొచ్చు.

మధ్యాహ్నమంతా బ్యాంకు లోను మీదే గడిచింది. మన జిల్లాల్లో ఎక్కువ చిక్కున్నది ఇక్కడే. ఏడున్నర లక్షల దాకా హామీ లేకుండా అడగొచ్చు. ఆపైన ఆస్తి కావాలి, భూమి ఉంది కదా అనుకుంటారు. రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగా, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డ్ ప్రాంతం. ఒడిశా 1956 రెగ్యులేషన్ 2 ప్రకారం అక్కడ ఆదివాసీ భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదు. రేపు వేలం వేయలేని భూమిని చదువు లోనుకి తాకట్టుగా తీసుకోడానికి బ్యాంకు ముందుకు రాదు. గిరిజనేతరుల భూమైనా, అది మొదట ఎవరిదో బ్యాంకు వకీలు తవ్వుతాడు. పొలమంటే మామూలుగానే ఒప్పుకోరు. పనికొచ్చేవి మునిసిపాలిటీ హద్దుల్లోని ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్ఐసీ పాలసీ సరెండర్ విలువ.

ఇల్లున్నా పట్టా తాత పేరునే ఉంటుంది. తాత పోయి ఇరవై ఏళ్లయినా మ్యుటేషన్ (వారసుల పేరుకి మార్పు) చేయించరు. 1936కి ముందు, మద్రాసు ప్రెసిడెన్సీ నాటి తెలుగు దస్తావేజులుంటే వాటికి అనువాదం కూడా అడుగుతారు. మ్యుటేషన్‌కే నెలలు పడుతుంది. అడ్మిషన్ వచ్చాక మొదలుపెడితే వీసా గడువు దాటిపోతుంది. జీఆర్ఈ (అమెరికా యూనివర్సిటీలడిగే ప్రవేశ పరీక్ష) పుస్తకం కొనకముందే తహసీల్ ఆఫీసుకి వెళ్లాలి.

పేర్ల గందరగోళం ఒకటి: పీఎం విద్యాలక్ష్మి ఇండియాలో చదువుకే. బయటి చదువుకి విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా బ్యాంకుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు గాని ఆ పథకం రాయితీ రాదు. మైనారిటీలకి వడ్డీ భరించే పఢో పర్‌దేశ్ 2022-23 నుంచి ఆగిపోయింది. మంచి మాట ఒకటుంది: బ్యాంకు విద్యాలోనుతో పంపే డబ్బు మీద 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (డబ్బు బయటికి పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) లేదు.

స్కాలర్‌షిప్ వచ్చినా రాకపోయినా ముందు చేతినుంచి పెట్టాల్సింది ఎంతో కాగితం మీద వేయించాం. జీఆర్ఈకి 220 డాలర్లు, అమెరికా సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) రుసుము 350, వీసా రుసుము 185. ఆపైన ఐఇఎల్‌టీఎస్. ఇంటర్వ్యూకి హైదరాబాద్ వెళ్లాలి. ఒడిశా వాళ్ల అమెరికా కాన్సులేట్ అక్కడే. దరఖాస్తు రుసుము మాత్రం కొన్ని డిపార్టుమెంట్లు అడిగితే మాఫీ చేస్తాయి, చీవ్‌నింగ్‌కి అసలు లేదు.

వచ్చే వారానికి గుణుపురం వాళ్లిద్దరూ పట్టా నకలు, కాశీనగరం అమ్మాయి తన పని గంటల లెక్క తేవాలి.