సుల్తాను ముద్ర ఉన్న కాగితాలు

నాలుగు రోజులుగా రాత్రిళ్లు షాన్ ఓఫాహీ పుస్తకమే చదువుతున్నాను. నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పనిచేసిన ఆఫ్రికా చరిత్రకారుడు. అంతకుముందు సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో పాఠాలు చెప్పారు. ఆయన మనసంతా సూడాన్ పడమటి అంచున ఉన్న దార్‌ఫుర్ మీదే.

1916లో బ్రిటిష్‌వాళ్లు ఆక్రమించేదాకా అక్కడ సుల్తానుల రాజ్యం ఉండేది. సుల్తాను ఎవరికైనా భూమి ఇస్తే అరబిక్‌లో పత్రం రాయించి ముద్ర వేసేవాడు. ఆ భూమిని హాకూరా అంటారు. పత్రాలు తరతరాలుగా ఇళ్లల్లోనే ఉండిపోయాయి. 1970లలో ఓఫాహీ దార్‌ఫుర్ వెళ్లి అలాంటి పత్రాలను ఫొటోలు తీశారు. సూడాన్ చరిత్రకారుడు అబూ సలీంతో కలిసి 1983లో వాటిలో కొన్నిటిని ఇంగ్లీషులోకి తెచ్చి ప్రచురించారు.

ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. పోయినేడు మా తాతయ్య ట్రంకు పెట్టె తెరిస్తే పొలం దస్తావేజును చెదలు తినేశాయి. పట్టుకుంటే పొడి పొడిగా రాలిపోయింది. స్టాంపు ఉన్న మూల ఒక్కటి మిగిలింది. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

దార్‌ఫుర్‌లో చెదలు కాదు, మంటలు. 2003లో మొదలైన యుద్ధంలో ఊళ్లకు ఊళ్లే తగలబడ్డాయి. 2023 నుంచి మళ్లీ అదే. ఓఫాహీ 2019లో పోయారు. ఆయన తీసిన ఫొటోలు మాత్రం బెర్గెన్‌లో ఉన్నాయి, సుల్తానుల ముద్రలతో సహా.