ఒంగోలు వెళ్లాలంటే ముక్కు ఎటు పెట్టాలి?

కావలిలో మాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు ఫార్ములాని అంత త్వరగా బోర్డు మీదికి రానిచ్చేవారు కాదు. సదిశల సంకలనం (వెక్టర్ల కూడిక) పాఠం వచ్చిందంటే ముందు గ్రాఫ్ పేపరు, స్కేలు, వృత్తలేఖిని బయటికి తీయాల్సిందే. పుస్తకంలో ఉన్న బలాల లెక్కలు పక్కన పెట్టి విమానం లెక్క ఇచ్చేవారు. విమానాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు, అది వేరే సంగతి.

నెల్లూరుకి ఒంగోలు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. ఆకాశంలో దూరం సుమారు 118 కిలోమీటర్లు, అంటే 64 నాటికల్ మైళ్లు. చిన్న విమానం, వేగం 100 నాట్స్, అంటే గంటకి 100 నాటికల్ మైళ్లు. రోహిణీ కార్తె, పడమటి గాలి 20 నాట్స్‌తో కొడుతోంది. పైలట్ విమానం ముక్కు ఉత్తరానికే పెట్టి కూర్చున్నాడనుకోండి. పావుగంట దాటాక కింద కావలి కనిపించాలి కదా, తుమ్మలపెంట బీచ్ కనిపిస్తుంది. ఒంగోలు రావాల్సిన వేళకి ఊరికి 24 కిలోమీటర్లు తూర్పున, బంగాళాఖాతం మీద తేలతాడు. తుమ్మలపెంట పేరు వినగానే క్లాసంతా నవ్వులు.

మరి ముక్కు ఎటు పెట్టాలి? ముందు ఒంగోలు వైపు నిలువుగా ఒక గీత. సెంటీమీటరుకి 10 నాట్స్ లెక్కన, దాని మొదట్నుంచి తూర్పుకి 2 సెంటీమీటర్ల గాలి బాణం. ఆ బాణం కొస మీద వృత్తలేఖిని గుచ్చి 10 సెంటీమీటర్ల చాపం గీస్తే నిలువు గీతను ఒక చోట కోస్తుంది. బాణం కొస నుంచి ఆ చోటికి గీసిన గీతే విమానం ముక్కు దిశ. కోణం కొలిస్తే పడమటికి పదకొండున్నర డిగ్రీలు. నిలువు గీత మీద పొడవు 9.8 సెంటీమీటర్లు, అంటే నేల మీద వేగం 98 నాట్స్. సరిగ్గా పక్క నుంచి వీచే గాలి మన వేగం జోలికి రాదనుకుంటాం. దారి తప్పకుండా నిలబడటానికే 2 నాట్స్ ఖర్చయిపోయాయి.

చెన్నైలో ఫ్లైట్ డిస్పాచర్ శిక్షణలో ఈ6బి అనే పలక చేతికిచ్చారు. ఫిలిప్ డాల్టన్ అనే అమెరికన్ 1930లలో తయారుచేసింది. తిరిగే చక్రం మీద పెన్సిల్‌తో గాలి చుక్క పెట్టి కింది పట్టీ జరిపితే జవాబు వస్తుంది. తోటివాళ్లు టెన్షన్ పడుతుంటే నాకు అందులో మాస్టారి త్రిభుజమే కనిపించింది. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. ఒక్కో ఎత్తుకి, దారిలో ఒక్కో మజిలీకి వేరే గాలి తీసుకుని వేరే త్రిభుజం కడుతుంది.

మాస్టారు చివర్లో ఒక ప్రశ్న వదిలేవారు. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి, చెల్లుకి చెల్లేనా? అందరం అవుననేవాళ్లం. అదే విమానం, 120 నాటికల్ మైళ్ల దూరం తీసుకోండి. 20 నాట్స్ గాలికి ఎదురెళ్తే 90 నిమిషాలు, గాలితో వస్తే 60. మొత్తం 150. గాలే లేకపోతే 144తో సరి. నష్టపరిచే గాలిలో ఎక్కువసేపు ఉంటాం, లాభం ఇచ్చే గాలిలో తక్కువసేపు ఉంటాం మరి. చలికాలంలో ఉత్తర భారతం మీద, 35–40 వేల అడుగుల ఎత్తులో పడమటి జెట్ గాలి 100 నాట్స్ దాటడం మామూలే. ఆ నష్టాన్ని కిలోల ఇంధనంగా మార్చి, ముందే ట్యాంకులోకి ఎక్కించేలా చూడటమే నా ఉద్యోగం.