చూపు తిప్పితే అంతే

నా చేతిలో కొబ్బరి చిప్ప. ఆ కోతి దాన్ని చూడటం లేదు, నా కళ్లనే చూస్తోంది!

రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఇవాళ ఉదయం. "ఫోన్ చూడకమ్మా, చూపు తిప్పితే లాగేస్తాది" అని పూలమ్మే మామ్మ అంటూనే ఉంది. ఫోన్ మోగింది. చిప్ప పోయింది. చిత్రమేమిటంటే, నా పక్కనే నిలబడి కోతినే గుడ్లురిమి చూస్తున్న మా బావ చేతిలో అరటిపళ్లు అలాగే ఉన్నాయి.

ప్యూర్టో రికో దగ్గర కాయో శాంటియాగో దీవిలో ఇలాంటిదే పరీక్షించారట. 2005లో అచ్చయింది. ద్రాక్షపళ్లతో ఇద్దరు మనుషులు. ఒకరు కోతివైపు చూస్తుంటారు, ఇంకొకరు చూడరు. రీసస్ కోతులు ఎక్కువగా చూడనివాళ్ల పళ్లే ఎత్తుకెళ్లాయి.

నాకు మాత్రం 2015 నాటి ప్రయోగం ఇంకా నచ్చింది. రెండు కోతులు కలిసి ఆడాలి, సహకరించాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. మెదడు ముందువైపు లోపలి భాగంలో, ఎదుటి కోతి ఏది ఎంచుకోబోతోందో ముందే ఊహించే నాడీకణాలు దొరికాయి. తన నిర్ణయానికి వేరే కణాలు! అక్కడ కొద్దిగా కరెంటు పెట్టి ఆ పనిని చెడగొడితే సహకారం తగ్గిపోయిందట.

బావ మాత్రం తన మీసం చూసి భయపడిందంటున్నాడు.