మా ఎమ్మెల్యే ఓటు ఎటు పడింది?

మా ఎమ్మెల్యే గారి వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. శంకుస్థాపనలు, పరామర్శలు, పెళ్లి ఫొటోలు రోజూ వస్తాయి. భూముల బిల్లు వచ్చినప్పుడు మాత్రం సభలో ఆయన ఏం చేశారో ఒక్క ముక్క రాలేదు. గ్రూపులోనే అడిగాను. జవాబు లేదు. చాలా బాధేసింది.

సరే, రికార్డు చూద్దామని కూర్చున్నాను. మన సభల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే పాసవుతాయి. ఎవరి గొంతు ‘అవును’ అందో, ఎవరిది ‘కాదు’ అందో ఎక్కడా నమోదు కాదు. సభ్యులు డివిజన్ (ఎవరు ఎటో లెక్కించే ఓటింగ్) కోరినప్పుడో, రాజ్యాంగ సవరణ బిల్లు వచ్చినప్పుడో మాత్రమే లెక్క తేలుతుంది. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ల బిల్లు రాజ్యాంగ సవరణే కాబట్టి లోక్‌సభలో లెక్క తేలింది: అనుకూలం 454, వ్యతిరేకం 2. పైగా 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, పార్టీ విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. ఆ ఇబ్బంది నాకూ అర్థమవుతుంది.

కానీ నియోజకవర్గం గురించి ప్రశ్న వేయడానికి విప్ అడ్డు రాదు కదా. అందుకే సభా చర్చల ప్రతులు చదువుతూ, ఆయన ఎప్పుడు ఏం మాట్లాడారో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఈసారి ఊరికి వచ్చినప్పుడు అది పట్టుకునే వెళ్తాను.